ఇంటికి యజమాని ఎవరు?

హౌరా స్టేషను నుండి బండేలు వైపునకు సాగు లోకలు రైలునకు మొదటి మజిలీ లిలువా. రైలుపెట్టెలను బాగుచేయు పెద్ద కర్మాగారము అచ్చట కలదు. 1928వ సంవత్సరమున దాని కార్మికులు వేల సంఖ్యలో నెలల తరబడి సమ్మె సాగించిరి. హుగ్లీ తీరపు జనుపనార మిల్లులలోను రైల్వేలలోను పని వెదకుకొనుచు గంజాము, విశాఖపట్టణము సీమల నుండి పోయిన తెలుగువారు ఆ ప్రాంతములందు తరతరములుగా కాపురముండిరి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగును అధికార భాషలలో చేర్చుటకు సమ్మతించెను.

2024 మార్చిలో హుగ్లీ నది అడుగున మెట్రో రైలు నడువ నారంభించినది మొదలు హౌరా వైపు నేలకు విలువ మరింత హెచ్చినది. పాత పెంకుటిండ్లు పడగొట్టి, ఆ స్థలమున నాలుగైదు అంతస్తులు లేపుట కలకత్తా చుట్టుపట్ల పరిపాటి. రైల్వే ఉద్యోగి ముప్పది యేండ్లు క్వార్టరులో కాపురముండి, పదవీ విరమణ కాగానే తాళపుచెవి అప్పగింపవలసినవాడు. అట్టివాడు బ్యాంకు ఋణము తీసికొని రెండు గదుల కొత్త ఫ్లాటు కొనదలచిన అది దురాశ యనవచ్చునా?

అనరాదు. బబులోనుకు చెరపట్టబడినవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరములో ఇండ్లు కట్టుకొని కాపురముండుడనియే ఉపదేశము కలదు. శత్రువు యెరూషలేమును ముట్టడించియుండగా ఆ ప్రవక్తయే అనాతోతులోని పొలమును పదునేడు తులముల వెండికి కొని, సాక్షుల యెదుట క్రయపత్రము వ్రాయించి భద్రపరచెను. సొంత గూడు కోరుట పాపము కాదు. అద్దె పెంచుదురేమో, ఖాళీ చేయుమందురేమో యను భయము లేక పిల్లలు చదువుకొనగల ఇల్లు దేవుని దానము.

అయినను యెషయా ఇంటికి ఇల్లు కలుపుకొనువారిని గూర్చి శ్రమ యని పలికెను. ఈ యిద్దరు ప్రవక్తల మాటలకు వైరుధ్యము లేదు. యిర్మీయా చెప్పిన ఇల్లు పొరుగువారి మధ్య నిలుచును. యెషయా ఖండించిన ఇల్లు పొరుగువారికి చోటే లేకుండ చేయును. కాబట్టి కొనవచ్చునా యనునది మొదటి ప్రశ్న మాత్రమే. ఎట్లు కొనవలెను, కొన్న పిమ్మట ఎట్లు కాపురముండవలెను అనునవి అంతకంటె కఠినమైన ప్రశ్నలు.

మొదటి పరీక్ష వెలను గూర్చినది. ధరలో కొంత చెక్కు రూపమునను, కొంత లెక్కలేని నగదుగాను పుచ్చుకొని, తక్కువ మొత్తమును దస్తావేజులో చూపుట దేశమంతట ఎరిగిన వాడుక. "అందరును చేయుచున్నారు, ఒక్కడు మానినంత మాత్రమున లోకము మారునా?" అందురు. లోకము మారకపోవచ్చును. కాని ఆ పత్రము క్రింద చేవ్రాలు లోకముది కాదు, కొనువానిది. అబద్ధమును పునాదిగా వేసిన ఇంట పిల్లలకు సత్యము నేర్పుట దుర్లభము.

రెండవ పరీక్ష కట్టడమును గూర్చినది. కొత్త ఇంటి మిద్దెకు పిట్టగోడ కట్టవలెననియు, లేనియెడల పడిపోయినవాని రక్తదోషము ఆ ఇంటికి తగులుననియు ద్వితీయోపదేశకాండము హెచ్చరించుచున్నది. 2024 మార్చి 17వ తేది రాత్రి కలకత్తా గార్డెన్ రీచ్‌లో అనుమతి లేక కట్టుచున్న అయిదంతస్తుల భవనము ప్రక్కనున్న గుడిసెలపై కూలగా పదిమందికి పైగా మరణించిరి. మేడ ఒకరిది, మరణము ఇతరులది. చౌకగా వచ్చుచున్నదని నక్షాను అడుగక బయానా ఇచ్చువాడు అట్టి కట్టడములకు పెట్టుబడి పెట్టువారిలో ఒకడగును. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము నమోదైన నిర్మాణములలో కొనుగోలుదారుల సొమ్మున 70 శాతమును ప్రత్యేక ఖాతాలో ఉంచవలెననియు, నిర్మాణ లోపములను అయిదేండ్ల వరకు నిర్మాతయే సరిచేయవలెననియు విధించినది. పత్రములు అడిగి చూచుట అనుమానపు బుద్ధి కాదు. అది పొరుగువాని ప్రాణమునకు పిట్టగోడ.

మూడవది మిక్కిలి బాధాకరమైనది. ఆ స్థలమున మునుపు ఎవరుండిరి? పాత ఇంటి వారసులకు ఫ్లాట్లు దక్కవచ్చును. వెనుక గదిలో అద్దెకున్నవానికి, వీధి మొగలో ఇస్త్రీ బల్ల వేసికొన్నవానికి ఏమి దక్కెను? చిన్న ఫ్లాటు కొన్నవాడు వారిని వెళ్లగొట్టలేదు. ఆ పాపమంతయు అతనిపై మోపుట అన్యాయము. అయితే తాను చేయలేదు గనుక తనకు సంబంధము లేదనుటయు న్యాయము కాదు. కొనకముందు అచ్చటివారికి చెల్లవలసినది చెల్లినదా యని విచారించుట, చెల్లలేదని తెలిసిన ఆ బేరము విడిచిపెట్టుట అతని చేతిలోనివే.

లిలువా దాటి అదే రైలుమార్గమున మరికొంత దూరము పోయిన శ్రీరామపురము వచ్చును. విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయినది అచ్చటనే. 1800 సంవత్సరమున కేరీ, మార్ష్‌మన్, వార్డు అను మువ్వురు అచ్చట ఇల్లు కొని, ఒకే బల్లయొద్ద భుజించుచు, సంపాదన నంతయు ఉమ్మడి నిధిలో వేయుచు జీవించిరి. అట్టి పుణ్యపురుషుల ఇల్లు సైతము వ్యాజ్యమునకు తావయ్యెను. 1815లో వారి మిత్రుడు ఆండ్రూ ఫుల్లరు మరణించిన పిమ్మట, ఆ ఆస్తిపై అధికారమెవరిదను వివాదము ఇంగ్లండులోని సంఘమునకును వారికిని మధ్య ముదిరి, 1827లో ఎడబాటు కలిగినది. కేరీ 1834 జూను 9న కన్నుమూసెను. ఆ మిషను ఆవరణముపై తనకు ఏ హక్కును లేదనియు, ఎన్నడును ఉన్నదని తలంపలేదనియు ఆయన తన వీలునామాలో మొదటనే వ్రాయించెను. మూడు దశాబ్దములకు పైగా కాపురమున్న ఇంటిని గూర్చి ఆ మాట చెప్పగలుగుటయే స్వాతంత్ర్యము.

భూమి తనదనియు, మనుష్యులు తన యొద్ద పరవాసులనియు లేవీయకాండమున దేవుడు సెలవిచ్చెను. క్వార్టరు తాళపుచెవి తిరిగి ఇచ్చిన రైల్వే ఉద్యోగికి ఈ సత్యము సగము తెలిసియే యున్నది. కొత్త ఫ్లాటు తలుపు తెరచునాడు తక్కిన సగమును నేర్చుకొనవలెను: ఇదియు అప్పగింపవలసిన క్వార్టరే. దస్తావేజులో అతని పేరుండవచ్చును. ఆ ఇల్లు ఎవరిదో తెలుపునది మాత్రము మెట్లు తుడుచు స్త్రీ దాహము వేసినప్పుడు తట్టుటకు వెనుదీయని తలుపే.