అనుభవం లేనివాళ్లకు అధికారం ఉందా?

ఖానాపూర్‌లో కూర్చుని ఫ్రీలాన్స్ ప్రోడక్ట్ డిజైన్ చేస్తానంటే ఎవరైనా ముందు అడిగేది ఒక్కటే: "ఇంతకుముందు ఏం చేసినవ్?" నా పట్టా ఈ రంగానిది కాదు. చెప్పుకోవడానికి హైదరాబాద్ కంపెనీ పేరూ లేదు. అడిగినవాళ్లది తప్పు కాదు, డబ్బు వాళ్లది. నన్ను వదలనిది మాత్రం వేరే ప్రశ్న. ఎన్నడూ చేయని పనిని, పరాయివాళ్ల డబ్బుతో, చేతిలోకి తీసుకోవడం ధర్మమేనా?

ఈ ప్రశ్నకు నాకు దారి చూపింది సదానందుడి వేదాంతసారం అనే గ్రంథం. అది మొదట్లోనే అధికారి, అంటే ఆ చదువుకు అర్హుడు, ఎవరో తేలుస్తుంది. వేదవేదాంగాలు చదివి ఉండాలి, కర్మలతో మనసు శుద్ధి కావాలి, వివేక వైరాగ్యాలు, శమదమాదులు (మనసునూ ఇంద్రియాలనూ అదుపులో పెట్టుకోవడం లాంటివి), ముముక్షుత్వం (మోక్షం కావాలన్న తపన) ఉండాలి. షరతులు గట్టివే. కానీ బ్రహ్మజ్ఞానం ముందే ఉండాలని మాత్రం అనదు. ఉంటే ఆ గ్రంథంతో పనేముంది? కాబట్టి ఒట్టి చేతులతో రాకూడదు, అన్నీ తెలిసే రావాలనీ లేదు. నా పనిలోనూ అంతే. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫిగ్మా నేర్చుకోవడానికి యూట్యూబ్ చాలు. శమం, దమం, ఈ పనిలో అంటే నోరు మూసుకుని ఎదుటి మనిషిని చూడగలగడం, అక్కడ దొరకదు.

అది నాకు దొరికింది మా ఊళ్లో ఒక ఎరువుల దుకాణంలో. ఉద్దెర లెక్కలకు ట్యాబ్‌లో ఒక యాప్ వాడేవారు, దాన్ని మార్చాలన్నారు. గల్లా పక్కన బల్ల మీద కూర్చుంటానని అడిగాను. ఒక రైతు వచ్చాడు. గుమాస్తా పేరు కొట్టగానే బాకీ పెద్ద ఎర్రంకెల్లో తెర నిండా వచ్చింది. వెనక ఆయన వియ్యంకుడు నిలబడి ఉన్నాడు. రైతు మాట్లాడకముందే అరచెయ్యి తెచ్చి తెర మీద అడ్డంగా పెట్టాడు. "అందరికి సూపెడ్తవేంది సేటూ" అన్నది ఆ తర్వాత. నా డిజైన్ అంతా ఆ అరచేతిలోంచే వచ్చింది: ఎరుపు తీసేశాను, వేలితో నొక్కితేనే బాకీ కనిపించేలా పెట్టాను.

ఇలా ముందు చూసి ఆ తర్వాత చేయడం కొత్తేం కాదు. 1958లో మన ప్రభుత్వం కోరితే డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టింది దాని వల్లే. ఆ నివేదిక భగవద్గీతతో మొదలవుతుంది. మన దేశంలో చూసిన వస్తువులన్నిటిలోకి వాళ్లు ఎక్కువగా మెచ్చుకున్నది చెంబును. ఎన్ని నీళ్లు పట్టాలి, నెత్తిన పెట్టుకుంటే, చంకన పెట్టుకుంటే బరువెలా నిలవాలి, తోమేటప్పుడు చెయ్యి లోపలికి పోతుందా అని వరుసగా ప్రశ్నలు వేసుకున్నారు. చెంబు ఒక్కరు చేసింది కాదు, తరాలు చేసింది అన్నారు. ఆ ప్రశ్నలు నీళ్లు మోసేవాళ్ల పక్కన నడిచినవాళ్లకే తోస్తాయి.

అదే గీతను చూపించి, "అనుభవం వస్తది, ఉత్తగ చేసిపెట్టు, ఫలం ఆశించకు" అనేవాళ్లున్నారు. ఇది నాకు సుతరామూ నచ్చదు. కూలి వేరు, ఫలం వేరు. మా సదర్మాట్ కాలువ కింద నాట్లేసిన ఆడవాళ్లకు పంట పోయిందని కూలి ఎగ్గొడతామా? మెప్పు, పేరు, యాప్‌ను జనం వాడతారా లేదా అన్నది, ఇవీ ఫలాలు. మన చేతిలో లేనివి. మాట్లాడుకున్న డబ్బు బాకీ.

అధర్మం ఒక్కచోటే ఉంది. లేని క్లయింట్లను కల్పించి, చేయని పనిని చేసినట్టు చూపించుకోవడంలో. అనుభవం లేకపోవడం దోషం కాదు, అబద్ధం దోషం.

అందుకని మా కడెం, ఖానాపూర్, జన్నారం పిల్లలకు చెప్పేది ఇదే. ఇది మొదటి పని అని ముందే చెప్పండి. కూలి ఎంతో పని మొదలుపెట్టకముందే మాట్లాడుకుని కాగితం మీద రాయించుకోండి. కంప్యూటర్ తెరిచే ముందు ఆ దుకాణంలో ఒక పూట కూర్చోండి.