మర మూలిగినప్పుడు

ధ్యానభాగములు: ఆదికాండము 26:12-22; నెహెమ్యా 3వ అధ్యాయము



అందరికిని చెందిన వస్తువు చెడిపోయినయెడల దానిని బాగుచేయవలసినవాడెవడు? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. అయినను పల్లెగాని సంఘముగాని నిలుచుటయు పడుటయు దీనిని బట్టియే యుండును. ఈ విషయములో నేను తప్పిన సంగతిని మొదట ఒప్పుకొనెదను.

కడప జిల్లాలోని మా పల్లె ప్రక్క బావిమీద నీళ్లు తోడు గాలిమర యొకటి యుండెను. 1980వ దశకములో మన దేశమందు పలుతావుల ఇట్టి మరలు నిలువబెట్టబడెను. మాది పన్నెండు రెక్కలది. చక్రము అడ్డము 5 మీటర్లు. మన సీమలో వానకు కొదువగాని గాలికి కొదువ లేదు. ఆషాఢమందు మబ్బులు తలమీదుగా సాగిపోవును, చినుకు రాలదు, గాలి మాత్రము రేయింబవళ్లు వీచును. ఆ గాలికి చక్రము తిరుగగా, ఇరుసు చివరనున్న క్రాంకు ఆ తిరుగుడును పైకి క్రిందికి ఆడు కదలికగా మార్చును. పొడవైన కడ్డీ బావిలోనికి దిగి పిస్టనును ఆడించును, నీళ్లు పైకెక్కును. డీజిలు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు, కపిలకువలె ఎద్దుల జత అక్కరలేదు. మా కడవలును పశువుల తొట్టియు దానివలననే నిండెడివి.

ఒక యేడు ఆ మర మూలుగుట మొదలుపెట్టెను. బేరింగులో కందెన ఎండిపోయినదని నాకు తెలియును. నిచ్చెన యెక్కి చారెడు కందెన పెట్టిన తీరిపోవు పని. సర్కారు మర గనుక సర్కారువారే చూచుకొందురని కొందరనిరి. పొరుగువాడు ఎక్కువ నీళ్లు తోడుకొనుచున్నాడు గనుక వాడే ఎక్కవలెనని కొందరనిరి. నేనేమియు అనలేదు, ఏమియు చేయనులేదు. మరుసటి ఆషాఢమున పెనుగాలి వచ్చెను. గాలి వేగము రెండింతలైనచో దాని శక్తి ఎనిమిదింతలగును. అట్టి వేళ మర తల తనంతట తాను ప్రక్కకు తిరిగి గాలిని తప్పించుకొనవలెను. తోక దగ్గరి బందు త్రుప్పుపట్టి బిగుసుకొనియుండుటచే అది తిరుగలేకపోయెను. రెక్కలు వంగెను, కడ్డీ విరిగెను, మర ఆగెను.

నాటినుండి మా ఆడవారు మైలుకు పైగా నడిచి నీళ్లు తెచ్చిరి. ఒకనాడు కడవ నెత్తిన పెట్టుకొని వచ్చుచున్న ముసలమ్మ నన్ను చూచి నిలిచి, “ఏం నాయనా, సంవత్సరం నుంచి ఆ మర మూలుగుతాండె గదా, నీకు ఇనపడల్యా?” అనెను. ఆమెకు నాయొద్ద జవాబు లేకపోయెను. వినబడినది, విననట్లుంటిని. గాలి మరను విరిచెననుట సగము సత్యము. నా చెవి దానిని ముందే విరిచెను.

అమెరికా దేశపు మెట్టపొలములలో ఇట్టి మరలు లక్షలుగా నిలిచినవి. గాలికెదురుగా తనంతట తిరిగి, పెనుగాలికి తనంతట ఒదుగు మరను 1854లో డానియేలు హాలడే అనునతడు చేసెను. ఆ మరలకు మాటిమాటికి ఒకరెక్కి నూనె పోయవలసియుండెను. 1915లో ఏర్మోటరు అను కంపెనీవారు పండ్లచక్రములు నూనెలోనే మునిగి తిరుగునట్లు అమర్చిరి. తనకు తానే నూనె పోసికొను మర యని దానికి పేరు. అయినను దానికి సహితము ఏడాదికొక మారు మనిషి ఎక్కి నూనె మార్చవలసినదే. మనుష్యుడెక్కనక్కరలేని మరను ఇంతవరకెవడును చేయలేదు.

మేము తుదకు బాగుచేయ బూనుకొంటిమి. అందరును పైకి చూచి రెక్కల లెక్క వేయుచుండగా, తోలుపని చేయు తాత యొకడు బావిలోనికి తొంగిచూచి, మొదట పూడిక తీయుడనెను. ఆ మాట నిజము. మన సీమలో బోర్లు లోతుకు పోయినకొలది ఎన్నో పాతబావులు ఎండిపోయినవి. నీరులేని బావిమీద మరను నిలిపి రంగు వేసినచో అది చూపరులకే గాని దప్పిగొన్నవారికి కాదు. పాతదంతయు నిలుపదగినది కాదు. దానివలన నేటికిని ఎవరి దప్పి తీరునో అది నిలుపదగినది. వేసవిలో పూడిక తీసితిమి, ఊట కనబడెను. అప్పుడు చక్రము దించి, బేరింగు మార్చి, కడ్డీ అతికించితిమి. పిస్టనుకు తోలు వాషరు కావలసివచ్చెను. యౌవనమున కపిలకు తోలుసంచులు కుట్టిన ఆ తాతయే దానిని కోసియిచ్చెను. ఒకప్పుడు ఊరిబావి దరికి రానీయబడని చేతులవి. నేడు ఊరందరి నీళ్లు ఆయన కోసిన తోలుమీదనే పైకి వచ్చుచున్నవి.

ఇస్సాకును తలంచుకొనుడి. తండ్రి త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చిరి. ఆయన వాటిని తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లనే వాటికి పెట్టెను. క్రొత్త బావియని తన పేరు పెట్టుకొనిన అడ్డువాడెవడు? బాగుచేయువానికి కలుగు మొదటి శోధన అదియే.

మన జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును చూడుడి. విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు దానిని కట్టించెననియు, వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసిరనియు 1369 నాటి శాసనము చెప్పుచున్నది. చెరువు నేటికిని ఉన్నది. కట్టుటకు రెండేండ్లు; నిలుపుటకు ఆరువందల యేబదికి పైగా ఏండ్లు. ఆ యేండ్లలో గండ్లు పూడ్చి, తూములు సరిచేసినవారి పేర్లు ఆ రాతిమీద లేవు.

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము మాత్రము బాగుచేసినవారి పేర్లనే వరుసగా చెప్పుచున్నది. కంసాలులు, పరిమళద్రవ్యములు చేయువారు, ఒక అధికారియు అతని కుమార్తెలును అందులో నున్నారు. పనికి మెడ వంచని తెకోవ ఘనుల సంగతియు వ్రాయబడినది. పలువురు తమ యింటికెదురుగా నున్న గోడనే కట్టిరి. నా ప్రశ్నకు జవాబు అక్కడ దొరకినది. చెడినదానిని బాగుచేయవలసినవాడు దానికి ఎదురుగా నున్నవాడే. మూలుగు మొదట ఎవని చెవిని పడునో వాడే. నిచ్చెన పట్టుకొనుటకు ఇతరులను పిలువవచ్చును. ఎక్కుటకు ఇంకొకని కొరకు కాచుకొనరాదు.

గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకొనవలెనని మన పెద్దల మాట. ఇద్దరు సహోదరులు మాటలాడుకొనుట మానిరా? ఒక బిడ్డ బడి మానెనా? ప్రతి ఆదివారము వచ్చు విధవరాలు రెండు వారములుగా కనబడలేదా? ఇవి మూలుగులు. నేడు చారెడు కందెన చాలును. రేపు చక్రమంతయు దించవలసివచ్చును.

మా మర మరల తిరుగుచున్నది. ఏటేట వేసవి ముగియకముందు నేనే నిచ్చెన యెక్కుచున్నాను. క్రింద ఆ ముసలమ్మ కడవ పట్టుకొని నిలిచి చూచుచుండును.