మాసవ్రతములు - విద్యార్థులు

తొలి ఏకాదశినాడు పేలపిండి ఎందుకు తినవలెనని పిల్లవాడడిగినచో, 'అది మన ఆచారము, తినుము' అని పెద్దలు చెప్పి ఊరకుందురు. పిల్లవాడు తినును, ప్రశ్న మాత్రము మిగిలిపోవును. వ్రతమనగా తెలిసి స్వీకరించిన నియమము. అర్థమెరుగక పాటించినది అలవాటగును గాని వ్రతము కాజాలదు. అందుచేత ఆయా మాసములకు తగిన గ్రంథములను చదివించి, చలనచిత్రములను చూపి విద్యార్థులకు వ్రతముల అంతరార్థమును బోధించుట మంచి మార్గము. అయినను ఇందొక సందేహము కలదు. కథ తెలిసినంత మాత్రమున వ్రతము తెలిసినట్లగునా?

ఆషాఢ శుద్ధ ఏకాదశికి మహారాష్ట్రమున వార్కరీ భక్తులు ఆళంది నుండి జ్ఞానేశ్వరుని పాదుకలను, దేహు నుండి తుకారాముని పాదుకలను పల్లకీలలో నుంచుకొని కాలినడకన పండరిపురము చేరుదురు. ఆ మాసమున విద్యార్థులకు 1957లో వెలువడిన 'పాండురంగ మహత్యం' చిత్రమును చూపవచ్చును. దారి తప్పిన పుండరీకుడు తల్లిదండ్రుల సేవతో తరించిన వృత్తాంతమది. ఆ సేవ ముగియువరకు పుండరీకుడు స్వామిని ఇటుకపై నిలిపెనని భక్తుల విశ్వాసము. చిత్రము ముగిసిన పిదప ఉపాధ్యాయుడు, 'వచ్చిన దేవుని నిలువబెట్టుట అపరాధము కాదా?' అని అడుగవలెను. పిల్లలు తమలో తాము వాదించుకొందురు. అంతట ఏకాదశి వారికి తిథి మాత్రముగా మిగులదు.

కార్తికమున భాగవతము నవమస్కంధములోని అంబరీషోపాఖ్యానము చదివింపదగినది. ఏడాదిపాటు ద్వాదశీవ్రతము సలిపి, కార్తికమున మూడు రాత్రులు ఉపవసించిన ఆ రాజు పారణకు సిద్ధపడుచుండగా దుర్వాసుడు అతిథియై వచ్చెను. స్నానమునకేగిన ముని ఎంతకును రాలేదు. ద్వాదశి అర్ధముహూర్తము, అనగా 24 నిమిషములు మాత్రమే మిగిలెను. భుజించినచో అతిథికి అవమానము, భుజింపనిచో వ్రతభంగము. రాజు పెద్దలనడిగి జలము మాత్రము గ్రహించెను. అది భోజనమును, భోజనము కానిదియు గదా!

ఈ కథను తెరపై చూచిన బాలునికి ముని వెంట తరుముచున్న సుదర్శన చక్రమే కనులయందు నిలుచును. పుస్తకము చదువు బాలుడు ఆ నీటిగ్రుక్క వద్ద ఆగి ఆలోచింపగలడు. వ్రతసారము అచ్చటనే యున్నది. నియమమును విడువక, ఇతరుని నొప్పింపక ప్రవర్తించుట యెట్లని రాజు మథనపడెను. దుర్వాసుడు చక్రభీతితో లోకములు తిరుగుచున్న సంవత్సరకాలమంతయు అంబరీషుడు భుజింపలేదు. శరణని వచ్చిన మునిని రక్షింపుమని చక్రమును ప్రార్థించి, ఆయనకు భోజనమిడిన పిదపనే తాను భుజించెను. తనకు కీడు తలచినవాని ఆకలిని మరువకుండుటయే ఆ ఉపవాసమునకు ఫలము.

చిత్రము వ్రతఫలమును వరముగా, మహిమగా చూపుట సహజము. దానితో 'వ్రతము చేసినచో కోరినది లభించును' అన్న భావము లేతమనస్సున నాటుకొనవచ్చును. అట్లని చిత్రమును త్యజింపనక్కరలేదు. చిత్రము ఆసక్తిని కలిగించును, పుస్తకము ఆలోచనకు తావిచ్చును. ఈ రెండును పూర్తియైన పిదప మిగులునది ఆచరణ. దానిని గురువు శిష్యునిపై రుద్దరాదు. తోటివారి యెదుట సిగ్గుపడి చేసిన ఉపవాసము ఆకలియే గాని వ్రతము కాదు. ఏకాదశినాడు పరుషముగా మాటాడకుండుటయో, ఆటకు ముందు తల్లికి సాయపడుటయో, బాలుడు తనకు తానుగా ఎన్నుకొన్న చిన్న నియమము చాలును.

కావున కథ తెలిసినంత మాత్రమున వ్రతము తెలిసినట్లు కాదు. కథ తెలియనిదే వ్రతము గట్టిపడదు. చూచిన కథ, చదివిన కథ ఒక్కదినమైనను నడవడిగా మారినచో, మరుసటి ఏకాదశికి ఆ బాలుడు పేలపిండిని ఎందుకని అడుగకయే అందుకొనును. తమ్ముడడిగినచో ఓర్పుతో కథ చెప్పును.