గాలి మళ్ళేదాకా

క్రూయిజ్ ఓడలో వెళ్ళేవాళ్ళకి ఊరు కనిపించకముందే టైము చెప్పేస్తారు. సాయంత్రం అయిదున్నరకల్లా అందరూ ఓడెక్కాలి, ఆలస్యమైతే ఓడ ఆగదు. దారిలో బస్సాపి కండక్టరు 'పది నిమిషాలే' అని కేకేస్తే, టీ తాగేవాళ్ళ కళ్ళు గ్లాసు మీద కాక బస్సు మీదే ఉంటాయి. రేవులో దిగినవాళ్ళ తిరుగుడూ అలాంటిదే. సింగపూర్‌లో బయల్దేరి మలక్కా జలసంధి మీదుగా ఉత్తరానికి వచ్చిన మా ఓడ, మలేషియాకి చెందిన పెనాంగ్ దీవిలోని జార్జిటౌన్‌లో స్వెటెన్‌హామ్ పీర్ దగ్గర ఆగింది. మా చేతిలో ఒక పగలుంది.

పీర్ దాటి రోడ్డు మీదికి రాగానే ఎదురయ్యేది గడియార స్తంభం. విక్టోరియా రాణి ఏలుబడికి అరవయ్యేళ్ళు నిండాయని 1897లో చియా చెన్ ఇయోక్ అనే చైనీయ ధనికుడు దీన్ని కట్టించడానికి పూనుకున్నాడు. ఏడాదికి ఒక అడుగు చొప్పున 60 అడుగులు. రెండో ప్రపంచయుద్ధంలో పడిన బాంబుల అదురుకి కాస్త ఒరిగి, నేటికీ అలాగే ఉంది. ఇంగ్లండ్ రాణికి, మలయా నేల మీద, చైనీయుడి డబ్బుతో లేచిన కట్టడం. ఇంతమంది ఇక్కడ ఎలా కలిశారన్న ప్రశ్న ఆ మలుపులోనే మొదలవుతుంది.

జవాబు గాలిలో ఉంది. తెరచాపల కాలంలో మన తూర్పు తీరం నుంచి బట్టల మూటలతో కదిలిన ఓడల్ని నైరుతి గాలి ఇటు తోసేది. చైనా ఓడలు ఈశాన్య గాలిని పట్టుకుని దక్షిణానికి దిగేవి. తిరిగి ఇంటికి పోవాలంటే గాలి మళ్ళాలి. దానికి నెలలు పట్టేది. నెలల తరబడి ఆగిపోయిన మనిషికి సరుకు దింపుకునే చోటు ఒక్కటీ చాలదు. వండిపెట్టే చేయి కావాలి, అప్పిచ్చే షావుకారు కావాలి, జ్వరమొస్తే చూసే దిక్కు కావాలి, మొక్కుకోవడానికి దేవుడు కావాలి, రోజులు తీరిపోతే ఆరడుగుల నేల కావాలి. జలసంధి రేవులు పెరిగింది ఆగిపోయినవాళ్ళ ఈ అవసరాల చుట్టూ. ఆవిరి ఓడలు వచ్చి గాలి పెత్తనం పోయాక కూడా ఈ ఆగడం పోలేదు. అచే వీధిలో 1808 నాటి మసీదుంది. మక్కాకి వెళ్ళే యాత్రికులు ఓడ దొరికేదాకా ఆ చుట్టుపక్కలే బస చేసేవారు.

ఇప్పుడు కపితాన్ కెలింగ్ మసీదు వీధి అంటున్న పాత పిట్ స్ట్రీట్ వెంట నడిస్తే ఆ ఆగిపోయినవాళ్ళందరి దేవుళ్ళూ వరసగా ఎదురవుతారు. 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, అగరువత్తుల పొగలో మునిగిన కువాన్ యిన్ అమ్మవారి గుడి, పక్క వీధి వైపు తిరిగి ఉన్న 1833 నాటి మహామారియమ్మన్ కోవెల, భారతీయ ముస్లిం వర్తకులు 1801లో మొదలుపెట్టిన మసీదు. తీరిగ్గా నడిచినా పావుగంట పట్టని దూరం ఇది. దీన్ని సామరస్య వీధి అని గొప్పగా చూపిస్తారు. నాకు మాత్రం ఆ గొప్పదనం వెనక ఒక మామూలు సంగతి కనిపించింది. మిరియాలు అమ్మేవాడికి, బట్టలు కొనేవాడికి, మధ్యలో వడ్డీకిచ్చేవాడికి ఒకరితో ఒకరికి రోజూ పనిపడేది. పనిపడ్డ పొరుగువాడి దేవుణ్ణి తిట్టుకుంటూ వ్యాపారం సాగదు. సహనం ఉపదేశంగా కన్నా ముందు అలవాటుగా వస్తుందేమో.

మారియమ్మన్ కోవెల ముందు కాసేపు కూర్చున్నాను. మా ఓడలోనే వచ్చిన కాకినాడ పెద్దావిడ గొడుగు మడుస్తూ నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా, ఇంత డబ్బు పోసి వచ్చి ఇక్కడ కూలబడ్డావేం? ఇంకా కొండ రైలు చూడాలి కదా!"

"మీరు వెళ్ళి రండి పిన్నిగారూ. నేనీ వీధిలోనే ఉంటాను."

ఆవిడ నవ్వి, టాక్సీ వైపు నడిచారు. ఆవిణ్ణి తప్పుపట్టలేను. 1923 నుంచి నడుస్తున్న ఆ కొండ రైలు చూడదగ్గదే. డబ్బు కట్టినవాళ్ళకి కళ్ళ నిండా చూసుకోవాలని ఉంటుంది. కానీ ఆవిడ మాట నన్ను ఒక ఆలోచనలోకి దించింది. ఇక్కడ మేం చూడటానికి వచ్చినవన్నీ ఆగినవాళ్ళు కట్టినవి. మేమేమో ఆగలేనివాళ్ళం. ఒకప్పుడు గాలి నడిపేది, ఇప్పుడు సెలవు నడుపుతోంది. పాతకాలపు వర్తకుడు గాలి దయ వల్ల ఊరికి బాకీ పడ్డాడు, ఆ బాకీని గుడిగానో సత్రంగానో తీర్చుకున్నాడు. ఒక్క పగటి అతిథి ఏ బాకీ పడకుండానే పోగలడు. పోగలడు కాబట్టి బాకీ లేదనుకుంటాడు.

ఆగినవాళ్ళందరూ ఇష్టపడి ఆగలేదన్నదీ మరచిపోకూడదు. తోటపనికని దక్షిణ భారతం నుంచి ఓడల్లో వచ్చిన కూలీల్ని ముందు పెనాంగ్ పక్కనే ఉన్న జెరెజాక్ దీవిలోని క్వారంటైన్‌లో ఉంచేవారు. మలయా తోటలకి వెళ్ళినవాళ్ళలో తమిళులే ఎక్కువ. మన విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల మనుషులూ ఉన్నారు. వాళ్ళ సంతతి మలేషియాలో తెలుగు సంఘం పెట్టుకుని, పిల్లలకి అక్షరాలు దిద్దిస్తూ భాషని నిలుపుకుంటోంది. వాళ్ళ తాతలకి గాలి మళ్ళినా ఇంటికి పోయే వీల్లేదు, ఒప్పందం ఉంది, అప్పు ఉంది. వాళ్ళు అలా ఆగిన రేవులోనే నేను కార్డు చూపించి రెండు నిమిషాల్లో దిగాను. ఓడ ఒకరికి విహారం, ఒకరికి విధి అయిన చోట నీడ చూసుకుని కూర్చోవడానికి కాస్త సిగ్గేసింది.

అసలీ రేవు మొదలైందే ఒక మాట తప్పడంతో. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈస్టిండియా కంపెనీ తరఫున పెనాంగ్‌లో జెండా పాతాడు. దీవి కెడా సుల్తానుది. సయాం దండెత్తితే కంపెనీ అండగా నిలుస్తుందన్న ఆశతో ఆయన చోటిచ్చాడు. ఆ అండ రాలేదు. 1791లో సుల్తాను దీవిని తిరిగి తీసుకోబోయి ఓడిపోయాడు. చివరికి ఏడాదికి 6,000 స్పానిష్ డాలర్లు పుచ్చుకునే ఒప్పందంతో సరిపెట్టుకున్నాడు. సుంకం లేని రేవని తెలిసి వర్తకులు వచ్చి చేరారు, ఊరు పెరిగింది. 1794లో జ్వరంతో పోయిన లైట్ ఆ ఊరి పాత శ్మశానంలోనే ఉన్నాడు.

ఈ మాట తప్పడం తలచుకున్నప్పుడల్లా నాకు మన మోటుపల్లి రేవు గుర్తొస్తుంది. తుపానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే, దాన్ని పాలకులు లాక్కోవడం ఆ రోజుల్లో రివాజు. కాకతి గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించి ఆ రివాజుని మాన్పాడు. సుంకం తప్ప మరేమీ తీసుకోమని సముద్రం మీద వచ్చే పరదేశులకి మాటిచ్చాడు. ఆ మాటలో లాభం లెక్క లేకపోలేదు, భయం లేని రేవుకే ఓడలొస్తాయి. అయినా దిక్కులేని స్థితిలో ఒడ్డుకి చేరినవాడి దగ్గర ఏం తీసుకోవచ్చు, ఏం తీసుకోకూడదు అన్న గీతని ఒక రాజు రాతి మీద గీయించాడు. ఊరు అతిథికి చేయాల్సిన ధర్మం అది. అతిథి ఊరికి చేయాల్సిన ధర్మం గురించి ఏ రాజూ రాయించలేదు. దిక్కులేనితనం అతిథి నుంచి ఊరికి మారిన మన కాలంలో అవసరమైంది ఆ రెండోదే.

ఆ అవసరాన్ని మధ్యాహ్నం కళ్ళారా చూశాను. అర్మేనియన్ వీధిలో ఒక గోడ ముందు క్యూ ఉంది. లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకరేవిచ్ 2012లో వేసిన సైకిలెక్కిన పిల్లల బొమ్మ అది. అసలు సైకిలునే గోడకి బిగించాడు. ఒకరి తరవాత ఒకరు ఆ సైకిలు పట్టుకుని ఫొటో దిగి, పక్క గోడకి వెళ్ళిపోతున్నారు. బొమ్మ బాగుంది. ఆ వీధిలో జనం పలచబడటానికి కారణం మాత్రం ఏ గోడ మీదా లేదు. కింద దుకాణం, పైన కాపురంగా ఉన్న పాత ఇళ్ళలో పాత అద్దెలకి రక్షణ ఇచ్చిన చట్టాన్ని 2000లో ఎత్తేశారు. అద్దెలు కట్టలేక చాలామంది ఖాళీ చేశారు. 2008లో యునెస్కో మలక్కాతో పాటు ఈ ఊరినీ వారసత్వ జాబితాలో చేర్చింది. భవనాలకి రంగులు పడ్డాయి, హోటళ్ళు వచ్చాయి. తరాలుగా ఆగి ఊరికి ప్రాణం పోసినవాళ్ళు వెళ్ళిపోయారు, ఆ ప్రాణం చూడటానికి మేం వచ్చాం.

సముద్రం ఒడ్డున చ్యూ జెట్టీలో ఇంకా కాపురాలున్నాయి. నీళ్ళలో పాతిన గుంజల మీద చెక్క ఇళ్ళు, మధ్యలో చెక్క బాట. ఒకే ఇంటిపేరు గల చైనీయ రేవు కూలీల కుటుంబాలు కట్టుకున్న వాడ అది. ఆరేసిన బట్టల మధ్య నుంచి యాత్రికులు నడుస్తుంటారు. ఒక గుమ్మం పక్కన ఫొటోలు తీయవద్దని బోర్డుంది. లోపల ఒక ముసలాయన కూర్చుని అన్నం తింటున్నాడు. బోర్డు కిందే నిలబడి ఒకతను ఫోను ఎత్తాడు. ముసలాయన తల తిప్పలేదు. అది అలవాటో అలసటో బాటసారికి తెలిసే వీల్లేదు.

ఈ ఊళ్ళలో నెలల తరబడి ఉండిపొమ్మని ఎవరికీ చెప్పలేను. నాకే కుదరదు. ఉండటంలోనే పుణ్యం ఉందనీ అనను. ఇక్కడ ఉండిపోయినవాళ్ళలో నల్లమందు పాటదారులూ ఉన్నారు, నడ్డి విరిచే వడ్డీ వ్యాపారులూ ఉన్నారు. కానీ ఒక్క పగటి చూపుకి ఎంత హక్కుందో ఆ చూపుకే తెలిసి ఉండాలి. ఒక పూటలో ఊరి మీద తీర్పు చెప్పేంత తెలియదు, ఒక వీధికి మర్యాద చూపేంత టైము మాత్రం దొరుకుతుంది. ఈసారి మీరు ఏ రేవులో దిగినా, పది చోట్ల జాబితాని ఓడ గదిలోనే వదిలేయండి. ఆ ఊరివాళ్ళు తినే చోట తిని, అక్కడే డబ్బు ఖర్చుపెట్టండి. గుమ్మం తెరిచి ఉందని అది మనకోసం తెరిచిందనుకోకండి. అడిగి, సరేనన్నాకే ఫోను పైకెత్తండి.