ఎత్తు పెంచావు సరే, అల్లుడూ

మొన్న ఆదివారం బల్కంపేట నుంచి పంజాగుట్ట దాకా నీ థార్‌లో తీసుకొచ్చావు కదా, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నా నెత్తి పైకప్పును పలకరించింది. ఇంటికొచ్చాక మీ అత్త మాట్లాడకుండా నడుముకి బామ్ రాసుకుంది. నువ్వేమో, "మంచి షాకప్‌లు వేయిస్తే అంతా సర్దుకుంటుంది మామయ్యా" అన్నావు. డబ్బు తీసే ముందు నా మాట కాస్త విను.

బరువు మోసేది స్ప్రింగు. అది మొదలుపెట్టిన ఊగుడుని ఆపేది షాకప్. లోపల నూనె సన్నటి కన్నాల్లోంచి దూరుతూ ఆ ఊపునంతా వేడి చేసేస్తుంది. గతుకుల బాటలో గంట నడిపి దాని మీద చెయ్యి పెట్టి చూడు, చురుక్కుమంటుంది. స్ప్రింగు నీ బండికి ఎక్కువైతే, ఎంత ఖరీదైన షాకప్ బిగించినా ఆ మొండితనం పోదు.

ఈ పాఠానికి నేను రుసుము కట్టాను. నా పాత మహీంద్రా జీపుకి నాలుగు మూలలా కమాన్ కట్టలే. వెనక కుంగుతోందని ఓ షెడ్డులో పట్టీ ఒకటి ఎక్కువ వేయించాను. "ఇంక కూర్చోదు సార్" అన్నాడు మేస్త్రి. నిజమే, అది కూర్చోలేదు, మమ్మల్నీ కూర్చోనివ్వలేదు. పుట్టింటికని బయల్దేరిన మీ అత్త రాయగిరి దగ్గర దిగిపోయి వరంగల్ బస్సెక్కింది. ఆ పట్టీ పీకించేదాకా మళ్ళీ జీపెక్కలేదు.

నీ బండిది వేరే కథ. 2020లో వచ్చిన ఈ థార్‌కి ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి, వెనక గట్టి యాక్సిల్, నాలుగింటికీ కాయిల్ స్ప్రింగులే. నీకు ముందు స్ప్రింగుకీ దాని పై గిన్నెకీ మధ్య దిమ్మె పెట్టి రెండంగుళాలు లేపారు. దాంతో స్ప్రింగు గట్టిపడలేదు, కానీ బండి ఊరికే నిలబడినప్పుడే షాకప్ రాడ్ సగానికి పైగా బయటికి సాగిపోయి ఉంది. గుంతలో చక్రం దిగాల్సినంత దిగకముందే రాడ్ చివరికొచ్చి టక్కుమంటోంది. ఆ చప్పుడు నువ్వు పాటల హోరులో వినలేదు, నేను విన్నాను. ఇక వెనక వేయించినవి ఇనుప బంపరు, పైన క్యారియరు, నలుగురి సామాను మోసే బండికి చేసిన స్ప్రింగులు. నువ్వు మోసేది ల్యాప్‌టాప్ సంచీ!

ఓ చిన్న లెక్క చెప్తాను. బండి బరువుకి స్ప్రింగు పది సెంటీమీటర్లు కుంగితే బండి సెకనుకి దాదాపు ఒకటిన్నర సార్లు ఊగుతుంది. ఆరే కుంగితే రెండు సార్లు. ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఊపు మన ఒంటికి హాయి, రెండు దాటితే కుదుపే. వెనక ఊపు ముందుదానికంటే కొంచెం చురుగ్గా ఉండాలని 1930లలోనే జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ అనే ఇంజనీరు తేల్చాడు. గతుకు ముందు చక్రాలకి మొదట తగులుతుంది, ఆలస్యంగా ఊగడం మొదలుపెట్టిన వెనక భాగం దాన్ని అందుకోవాలి కదా.

అందుకే ముందు కాంటా మీద తూయించు. ట్యాంకు నింపి, నువ్వు కూర్చుని, ముందు ఇరుసు విడిగా, వెనక ఇరుసు విడిగా. ఆ రెండు అంకెలూ చెప్పి స్ప్రింగు అడుగు, "రెండంగుళాల కిట్టు" అని అడక్కు. షాకప్ కొనడం ఆ తర్వాతే. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు, పూర్తిగా నొక్కుకున్నప్పుడు పొడవు కొలిపించు. షాకప్ అడుక్కి తగిలేలోపే బంప్ స్టాప్ రబ్బరు తగలాలి. లేకపోతే రెండు ట్రిప్పుల్లో నూనె కారుతుంది. పక్కన డబ్బాలు వేలాడే రకం నీకెందుకురా? గంటల తరబడి ఎడారిలో ఉరికే బండ్లకి వేడి తట్టుకోవడానికి అవి. ఆరు రోజులు మైత్రీవనం ముందు ఫస్ట్ గేర్‌లో, నెలకో ఆదివారం అనంతగిరి కొండల్లో తిరిగేవాడికి మామూలు గ్యాస్ షాకప్ చాలు.

వీటన్నిటికంటే ముందు, పైసా ఖర్చు లేకుండా టైర్లలో గాలి చూడు. తలుపు దగ్గర స్టిక్కరు మీద కంపెనీ లెక్క ఉంటుంది, నీది దానికంటే ఎక్కువే ఉంటుందని నా అనుమానం. ఆ పెద్ద టైర్ల బరువు కూడా కుదుపే అనుకో, కానీ వాటి జోలికెళ్తే నువ్వు అలుగుతావు.

ఇంకో సంగతి. కంపెనీ ఇచ్చిన కొలతలు మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. ప్రమాదమేదైనా జరిగితే బీమా వాళ్ళు మొదట చూసేది ఆ దిమ్మెనే. అది తీసేయమనే నేనంటాను. సరైన స్ప్రింగుల మీద కంపెనీ ఎత్తులోనే అనంతగిరి ఎక్కొచ్చు.

శనివారం పొద్దున్నే రా, సనత్‌నగర్ వైపు లారీల కాంటా దగ్గరికి వెళ్దాం. టేపు నా దగ్గరుంది. మనిషి బరువుతో కూడా తూయాలి కాబట్టి పక్క సీట్లో మీ అత్త కూర్చోవాలి. ఆ మాట మాత్రం నువ్వే అడగాలి.