శకునితో బేరం

మాణికేశ్వర్ నగర్‌ను పాతవాళ్లు ఇప్పటికీ వడ్డెర బస్తీ అనే అంటారు. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉంటుంది, తార్నాకకు దగ్గర. హాస్టల్ సీటు దొరకనివాళ్లు, పీజీ అయిపోయినా ఊరికి పోకుండా గ్రూప్స్‌కు చదువుకునేవాళ్లు అక్కడ అద్దె గదుల్లో ఉంటారు. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా ‘బాహుబలి’ సినిమా చూసి దేశమంతా అడిగిన ప్రశ్నే అక్కడి టీ కొట్ల దగ్గరా నలిగింది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? దాదాపు రెండేళ్లు ఎదురుచూశాక దొరికిన జవాబు చిన్నది. రాజమాత ఆజ్ఞాపించింది. నువ్వు చంపకపోతే నేనే చంపుతానంది. సింహాసనానికి బానిసగా ఉంటానన్న మాట మీద నిలబడిన మనిషి కన్నీళ్లు పెట్టుకుని కత్తి దూశాడు.

ప్రేక్షకులు తెరవెనక ఎత్తు వేసిన బిజ్జలదేవుణ్ణి అసహ్యించుకున్నారు, కట్టప్పను క్షమించారు. క్షమించడమేమిటి, నెత్తిన పెట్టుకున్నారు. పన్నాగం పన్నినవాడు నీచుడు, ఆ పన్నాగాన్ని కత్తితో పూర్తిచేసినవాడు నిష్ఠాపరుడు. వెన్నులో దిగిన కత్తికి మాత్రం ఈ తేడా తెలియదు.

ఈ తీర్పు సినిమాతో పుట్టింది కాదు. తెలుగువాళ్లు ఒకణ్ణి తిట్టాలంటే శకుని అంటారు, మెచ్చుకోవాలంటే భీష్ముడంటారు. జిత్తులమారి మీద అనుమానం, పంతం పట్టినవాడి మీద గౌరవం మనకు ఉగ్గుపాలతో వచ్చేశాయి. అయితే ఈ ఇద్దరిలో ఎవరివల్ల లోకానికి ఎక్కువ చేటు? ఇది మతానికి, ధర్మశాస్త్రానికి సంబంధించిన పాత ప్రశ్నే. భారతాన్ని కాస్త నిదానంగా చదివితే జవాబు మన అలవాటుకు ఎదురు తిరుగుతుంది.

శకుని సంగతే చూద్దాం. తెలుగు తెర మీద ఆయనకు జరిగినంత మర్యాద మరే దుష్టుడికీ జరగలేదు. 1957 నాటి ‘మాయాబజార్’లో సీఎస్సార్ ఆంజనేయులు శకునిని దాదాపు హాస్యగాణ్ణి చేశాడు. ఆ నవ్వు వెనక బుర్ర ఎంత పదునో కళ్లలో కనిపిస్తూనే ఉంటుంది. 1966లో ఎన్టీఆర్ తీసిన ‘శ్రీకృష్ణ పాండవీయం’ ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో ధూళిపాళ శకుని చేతిలో తిరిగే పాచికలు తండ్రి ఎముకలతో చేసినవి. కౌరవులు తన తండ్రినీ సోదరులనూ చెరలో పెట్టి ఆకలితో చంపారు గనుక, వాళ్ల వంశాన్ని లోపలి నుంచే కూల్చడానికి హస్తినలో మకాం వేశాడు. ఈ కథ వ్యాసభారతంలో లేదు. అయినా తెలుగునాట చాలామందికి తెలిసిన శకుని ఇతడే.

ఇక్కడ జరిగిన మార్పు ఆసక్తికరమైనది. పాచికలాడే తంత్రగాణ్ణి జనం ప్రతిజ్ఞ పట్టిన మనిషిగా మార్చుకున్నారు. ఉత్త స్వార్థంతో కుట్ర చేశాడంటే మనసు ఒప్పుకోలేదు, వెనక ఒక దీక్ష ఉందంటే ఒప్పుకుంది. పగ అయినా సరే, అది వ్రతం లాగా కనిపిస్తే మనకు చేతులు జోడించబుద్ధవుతుంది.

వ్యాసుడి శకుని అలాంటివాడు కాడు. మేనల్లుడి మీద మమకారం, జూదంలో నేర్పు, ధర్మం విషయంలో చిన్నచూపు, అంతే. అరణ్యపర్వంలో ఘోషయాత్ర ఘట్టం ఉంది. అడవిలో అష్టకష్టాలు పడుతున్న పాండవుల ముందు తన వైభవం ఒలకబోయాలని వెళ్లిన దుర్యోధనుడు గంధర్వులకు చిక్కాడు. విడిపించింది పాండవులే. ఆ అవమానం తట్టుకోలేక ప్రాయోపవేశానికి కూర్చున్నాడు. అప్పుడు ఆయనకు హితవు చెప్పినవాళ్లలో శకుని ఒకడు. చచ్చిపోవడం దేనికి, వాళ్లు చేసిన మేలు తలుచుకో, పాండవుల రాజ్యం పాండవులకు ఇచ్చెయ్, అన్నదమ్ముల్లా కలిసి ఉండు, కీర్తీ దక్కుతుంది ధర్మమూ దక్కుతుంది అన్నాడు. జూదంలో ఆ రాజ్యాన్ని కాజేసిందే ఆ చేతులు! లెక్క మారిందని గ్రహించగానే శకుని మాట మార్చాడు. వినకుండా పంతం పట్టి కూర్చున్నది దుర్యోధనుడు.

ఎత్తులు వేసేవాడికి లాభనష్టాలు తెలుసు. అతడితో బేరం కుదురుతుంది. నష్టం ఎక్కువని చూపిస్తే వెనక్కి తగ్గుతాడు.

భీష్ముడితో ఎవరు బేరమాడగలరు? తండ్రి పెళ్లి కోసం చేసిన ప్రతిజ్ఞ అది. విచిత్రవీర్యుడు సంతానం లేకుండా చనిపోయాక, ఎవరి కోసమైతే ఆ ప్రతిజ్ఞ చేశాడో ఆ సత్యవతే స్వయంగా వచ్చి, దాన్ని వదిలిపెట్టు, రాజ్యం తీసుకో, వంశం నిలబెట్టు అని అడిగింది. మాట ఇప్పించుకున్న వైపే మాట వెనక్కి తీసుకుంటున్నా ఆయన కదలలేదు. అక్కడితో ఆ ప్రతిజ్ఞ మరొకరి మేలుకోసం అన్న అర్థం పోయింది, ప్రతిజ్ఞ కోసమే ప్రతిజ్ఞ మిగిలింది. నిండుసభలో ద్రౌపది న్యాయం అడిగినప్పుడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. కౌరవుల్లోనే చిన్నవాడైన వికర్ణుడు లేచి ఆమెను గెలవలేదని తేల్చి చెప్పగలిగాడు. తాతకు ఆ మాట నోట రాలేదు. యుద్ధం వద్దని సలహా ఇచ్చి, యుద్ధం వచ్చాక రోజుకు పది వేలమంది యోధులను చంపుతానని మాటిచ్చి పది రోజులు సేనాపత్యం చేశాడు.

వ్యాసుడు ఈయనను పెద్దగా శిక్షించలేదు. ఆ పని జనం చేశారు. హరికథల్లోనూ ప్రవచనాల్లోనూ వినిపించే ఒక కథలో, అంపశయ్య మీద నుంచి ధర్మాలు బోధిస్తున్న భీష్ముణ్ణి చూసి ద్రౌపది ఫక్కున నవ్వుతుంది. ఆ రోజు సభలో ఈ ధర్మం ఎక్కడికి పోయింది తాతా అని అడుగుతుంది. దుర్యోధనుడి అన్నం తిన్న నెత్తురు అర్జునుడి బాణాలతో కారిపోయాకే బుద్ధి తేటపడిందని ఆయన ఒప్పుకుంటాడు. అరుగు మీద కూర్చుని కథ విన్నవాళ్లకు ఆ బాకీ గుర్తుందన్నమాట.

మరి కృష్ణుడి మాటేమిటి అని ఎవరైనా అడగాలి. అడగకపోతే భారతం చదవనట్టే. భీష్ముడికి శిఖండి, ద్రోణుడికి అశ్వత్థామ పేరు, కర్ణుడికి దిగబడ్డ చక్రం, దుర్యోధనుడికి తొడ. ఇంతకంటే పెద్ద తంత్రజ్ఞుడు భారతంలో లేడు. ఆయన ఎత్తులన్నీ ధర్మం కోసమే కనుక తప్పులేదని పౌరాణికులు సర్దిచెబుతారు. భారతం అంత తేలిగ్గా సర్దుకోదు. తొడ విరిగి పడిన దుర్యోధనుడు కృష్ణుడి మోసాలన్నీ ఒక్కొక్కటే ఏకరువు పెట్టి దెప్పుతాడు. ఆ మాటల తర్వాత ఆకాశం నుంచి పూలవాన కురిసింది దుర్యోధనుడి మీద. పాండవులు సిగ్గుతో తల దించుకున్నారు. ద్రోణుడితో అబద్ధమాడిన క్షణాన, అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం నేలకు తగిలింది. చివరికి స్వర్గంలో ఆయనకు ముందు కనిపించింది సింహాసనం మీద దుర్యోధనుడు, ఆ తర్వాత కాసేపు నరకం. గాంధారి శాపం ముప్పై ఆరేళ్లకు యాదవుల మీద పడింది, కృష్ణుడు వేటగాడి బాణానికి పోయాడు. తంత్రం అవసరమైంది నిజమే, అయినా దాని వెల ఎవరికీ మాఫీ కాలేదు. తంత్రగాడికి తను ఏం చేశాడో తెలుసు, లెక్క తేలుతుందనీ తెలుసు. అదే అతడికీ, నా చేతులకు మట్టి అంటలేదనుకునే నిష్ఠాపరుడికీ ఉన్న తేడా.

ఈ యుద్ధాన్నంతా తెలుగులోకి తెచ్చినవాడు తిక్కన. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. రాజు గద్దె పోగొట్టుకున్నప్పుడు ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుడి సాయం సంపాదించుకొచ్చాడని చెబుతారు. విరాటపర్వం నుంచి చివరిదాకా ఆయన రాతలో రాయబారాల ఘట్టాలు అంత ప్రాణంతో ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు, ఆ పని తెలిసినవాడు రాశాడు మరి. శైవులూ వైష్ణవులూ పంతాలకు పోతున్న కాలంలో ఆయన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. రెండు పక్షాలకూ చెందిన ఒకే దేవుడు. భక్తిలో కూడా రాజీ కుదిర్చిన మంత్రి అనుకోవచ్చు.

పాల్కురికి సోమనాథుడిది ఎదురు దారి. ‘బసవపురాణం’లో శివుడి కోసం దేనికైనా తెగించేవాడే వీరుడు. బిజ్జల రాజును చంపినవాళ్లు అందులో భక్తులు. (‘బాహుబలి’లో దుష్టుడికి ఆ రాజు పేరే దొరకడం భలే కుదిరింది.) సిరియాళుడి కథ కూడా అక్కడిదే: అతిథిగా వచ్చిన జంగముడు నరమాంసం అడిగితే, ఇచ్చిన మాటకోసం కన్నకొడుకునే వండిపెట్టిన భక్తుడు. శ్రీనాథుడు ‘హరవిలాసం’లో మళ్లీ చెప్పాడు, 1948లో సినిమాగానూ వచ్చింది.

ఇదే పని ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో స్టానిస్ చేస్తాడు. 2015లో ప్రసారమైన అయిదో సీజన్‌లో, విజయం కోసం, ఒక పూజారిణి చెప్పిన దేవుడి కోసం, కన్నకూతుర్ని మంటల్లో వేయిస్తాడు. చూసినవాళ్లు తట్టుకోలేకపోయారు. సిరియాళుడికి మొక్కి, స్టానిస్‌ను ఎలా తిట్టగలం? ఒకటే తేడా. పిలవగానే సిరియాళుడి కొడుకు బతికి వచ్చాడు. స్టానిస్ కూతురు రాలేదు. హరిశ్చంద్రుడి కథలోనూ అంతే, కాటిసీను ముగిసేసరికి పోయినవన్నీ తిరిగొస్తాయి. దేవుడు వచ్చి బిడ్డను తిరిగిస్తేనే ఆ నిష్ఠ అందంగా కనిపిస్తుంది. భీష్ముడి ప్రతిజ్ఞకు బలైనవాళ్లను ఏ దేవుడూ తిరిగివ్వలేదు. మానవుల మధ్య జరిగే ఏ కథలోనూ ఇవ్వడు.

ఈ వాదనను ఒక చోట ఆపాలి. దీక్ష భారం ఎవరి ఒంటి మీద పడుతుందన్నది లెక్కలోకి రాకపోతే అన్యాయం. 2010 ఫిబ్రవరి 20న, ప్రత్యేక తెలంగాణ కోసం ఛలో అసెంబ్లీ పిలుపు ఇచ్చిన రోజున, ఉస్మానియా ఎన్‌సీసీ గేటు దగ్గర సిరిపురం యాదయ్య అనే యువకుడు ఆత్మాహుతి చేసుకున్నాడు. ఆ కుర్రాణ్ణి భీష్ముడి పక్కన నిలబెట్టడం తప్పు. అతడి పంతం మరొకరి ప్రాణం అడగలేదు. చావొద్దని ఉద్యమ నాయకులు పదేపదే బతిమాలారు, బతిమాలాల్సిందే. ఆఖరికి రాష్ట్రం వచ్చింది ఢిల్లీలో సాగిన బేరాల మీద, పార్టీల ఎత్తులూ పైఎత్తుల మీద. బిల్లు లోక్‌సభలో 2014 ఫిబ్రవరి 18న, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సభలో, నెగ్గింది. రాజ్యసభలో నెగ్గింది ఫిబ్రవరి 20న. యాదయ్య ఒంటికి నిప్పంటించుకుని సరిగ్గా నాలుగేళ్లు.

తెలుగు నేల మీద జరిగిందని చెప్పుకునే మహాయుద్ధం పల్నాడుది. అందులో తంత్రం నడిపేవాళ్లూ పంతం పట్టేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. గురజాల కొలువులో నాయకురాలు నాగమ్మ, శివభక్తురాలు, ఒక ఆడది మంత్రిగిరీ చేయడమే వింత అయిన కాలంలో నలగామరాజును తన మాట మీద నడిపించిన మనిషి. మాచెర్ల పక్షాన బ్రహ్మనాయుడు, విష్ణుభక్తుడు, అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించినవాడు, మాల కన్నమదాసును సేనాపతిని చేసినవాడు. ఇంత గొప్ప పని చేసిన మనిషే కోడిపందెం మీద రాజ్యాన్ని ఒడ్డి, ఓడి, తన వాళ్లందరినీ ఏడేళ్లు వలసపాలు చేశాడు. సంస్కర్తకు పంతం ఉండకూడదని ఎవరన్నారు!

శకునితో బేరం కుదురుతుందన్న మాటకు నాగమ్మ దగ్గర గండి పడుతుంది. వలస గడువు ముగిశాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వచ్చిన అలరాజుకు ఆమె విషం పెట్టించిందని కథ. బేరానికి వచ్చినవాణ్ణే చంపాక ఇంక బేరమెక్కడ? ఆ పాపం ఆమెదే, కాదనడానికి లేదు. అయితే కథ అక్కడితో ఆగలేదు. కారంపూడిలో సేనలు ఎదురెదురుగా నిలిచాక మళ్లీ సంధి మాట నలిగింది, పెద్దలు మెత్తబడ్డారు. వాళ్లను కాదని యుద్ధంలోకి దూకినవాడు బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు. నిన్నటిదాకా బొంగరాలాడుకున్న కుర్రాడు. శ్రీనాథుడి పేరు మీద నిలిచిన ద్విపద అతడి వీరత్వాన్నే పాడింది. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో ఆ వేషం కుర్ర అక్కినేనిది, నాగమ్మ కన్నాంబ. 1966లో ఆ కథనే మళ్లీ తీస్తే నాగమ్మ భానుమతి. గొప్ప నటీమణులిద్దరూ ఆమె బుద్ధికి న్యాయం చేశారు, జనం మాత్రం తీర్పు మార్చుకోలేదు.

రాయబారిని చంపినందుకు నాగమ్మను ఇన్ని వందల ఏళ్లుగా తిడుతున్నాం. సంధిని చంపిన బాలచంద్రుడికి ఆ తిట్లలో సగం వాటా రావాలి. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి పల్నాటి వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. అందులో రాయబారానికి ఒక రోజంతా కేటాయించారు.