అమానతా? అప్పా?

కోడూరు నుంచి సౌదీకి పనికి వెళ్ళిన కుర్రవాడు సాధారణంగా అకామా చేతికొచ్చాకే బ్యాంకు ఖాతా తెరవగలుగుతాడు. అందాకా చేతి డబ్బును గదిలోని పెద్దాయన దగ్గర దాచుకుంటాడు. ఆయన దాన్ని తన అవసరానికి వాడుకుని, అడిగేలోగా తిరిగి పెట్టేస్తే తప్పేమిటి?

'పైసా తగ్గలేదు కదా' అని మనం సరిపెట్టుకుంటాం. కాని అమానతులను హక్కుదారులకు అప్పగించమని దివ్య ఖుర్ఆన్ (4:58) ఆదేశిస్తోంది. అనుమతి లేకుండా వాడుకోవడం, తిరిగి పెట్టినా సరే, నమ్మకద్రోహమే. అనుమతితో వాడుకుంటే అది అప్పవుతుంది. అప్పును వ్రాసుకోవాలన్నది కూడా దైవాజ్ఞే (2:282).

ఈ తేడా చిన్నది కాదు. జాగ్రత్తగా దాచిన అమానతు దొంగలపాలైతే దాచినవాడు బాధ్యుడు కాడు. అప్పు మాత్రం ఏమైనా తీర్చవలసిందే. హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) ప్రజలు దాచమని తెచ్చిన సొమ్మును అప్పుగానే స్వీకరించేవారు. అది పోతే వారు నష్టపోతారని ఆయన భయం. హిజ్రీ 36లో ఆయన అమరులయ్యాక కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) లెక్కిస్తే అప్పు 22 లక్షలు తేలింది. భూమి అమ్మి తీర్చారు. ఆపైన నాలుగేళ్ళు హజ్ సమయంలో ప్రకటించాకే ఆస్తి పంచారు.

సోదరులారా! పరాయి సొమ్మును విడిగా ఉంచుదాం, పేరూ మొత్తమూ వ్రాసిపెడదాం. అకామా రాగానే ఆ కుర్రవాణ్ణి మనమే బ్యాంకుకు తీసుకెళదాం. మృత్యువు చెప్పి రాదు. వస్తే, ఆ కాగితమే అతని హక్కును కాపాడుతుంది.